కప్పా ఆల్ఫా థీటా: అమెరికా కాలేజీ అమ్మాయిల సంఘం చరిత్ర – తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మాయి అమెరికాలో కాలేజీలో చేరిన కొత్తల్లోనే 'రష్‌కి వెళ్తున్నా', 'బిడ్ వచ్చింది' అంటుంది (రష్ అంటే అమ్మాయిల సంఘాల సభ్యుల ఎంపిక, బిడ్ అంటే చేరమని వచ్చే ఆహ్వానం). ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఇదేం గుంపు? ఈ గ్రీకు అక్షరాలేమిటి? డబ్బెందుకు కట్టాలి? రహస్యాలేమిటి? సినిమాల్లో చూసిన పార్టీలు తప్ప ఈ సంఘాల గురించి మన ఇళ్లలో తెలిసింది తక్కువ. అందుకే వీటిలో బాగా పాతదైన కప్పా ఆల్ఫా థీటా చరిత్రను తీసుకుని, ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. తరగతిలోకి రానిచ్చి, మిగతా అన్నిచోట్లా తలుపులు మూసిన కాలంలో ఆ అమ్మాయిలు తమ కోసం ఏం కట్టుకున్నారో తెలియాలి. ఆ తర్వాత వాళ్లే ఎవరిని బయట నిలబెట్టారో కూడా తెలియాలి. ఈ రెండిట్లో ఒకటి వదిలేసి చెప్పే చరిత్ర సగమే.

కప్పా ఆల్ఫా థీటా అంటే ఏమిటి?

అమెరికా, కెనడా కాలేజీల్లో చదివే అమ్మాయిల సంఘం. 1870 జనవరి 27న ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌కాజిల్ అనే చిన్న ఊళ్లో నలుగురు విద్యార్థినులు మొదలుపెట్టారు. పేరులో ఉన్నవి మూడు గ్రీకు అక్షరాలు. సభ్యులు తమను 'థీటాలు' అని చెప్పుకుంటారు. వాళ్ల రంగులు నలుపు, బంగారు వన్నె. పువ్వు పాన్సీ. గాలిపటం ఆకారంలో ఉండే చిన్న పిన్ను వాళ్ల గుర్తు. కేంద్ర కార్యాలయం ఇండియానాపొలిస్‌లో ఉంది. ఒక్కో కాలేజీలో ఉండే శాఖను చాప్టర్ అంటారు. చేరేది చదువుకునే రోజుల్లోనే అయినా సభ్యత్వం జీవితాంతం ఉంటుంది.

అది పుట్టిన కాలేజీలో అప్పుడు పరిస్థితి ఎలా ఉండేది?

ఆ కాలేజీ పేరు ఇండియానా ఆస్బరీ విశ్వవిద్యాలయం. మెథడిస్టు క్రైస్తవులు 1837లో స్థాపించారు. ముప్పై ఏళ్లపాటు అందులో మగపిల్లలే చదివారు. 1867లో యాజమాన్యం ఆడపిల్లలను కూడా చేర్చుకోవాలని తీర్మానించింది. (1884లో వాషింగ్టన్ డిపా అనే గాజు పరిశ్రమ యజమాని పేరు మీద అది డిపా విశ్వవిద్యాలయంగా మారింది. ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది.)

తీర్మానం జరిగినంత తేలిగ్గా మనుషులు మారలేదు. మొదటి ఏడాది చేరిన కొద్దిమంది అమ్మాయిలను తోటి విద్యార్థులు ఎగతాళి చేశారు. ఎగతాళి చేయనివాళ్లు పలకరించడం మానేశారు. వాళ్లు పాఠం వినొచ్చు, పరీక్ష రాయొచ్చు, అంతే. వాదప్రతివాదాలు నేర్పే సాహిత్య సభలు, స్నేహాలు కుదిర్చే సంఘాలు, రేపు ఉద్యోగానికో రాజకీయానికో పనికొచ్చే పరిచయాలు అన్నీ మగపిల్లల చేతుల్లోనే ఉన్నాయి. ఆ రోజుల్లో కాలేజీ చదువులో సగం ఈ సభల్లోనే జరిగేది కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

బయట వాతావరణం ఇంకా కఠినం. హార్వర్డ్‌లో వైద్యం బోధించిన ఎడ్వర్డ్ క్లార్క్ అనే పెద్దమనిషి 1873లో, అంటే ఈ సంఘం పుట్టిన మూడేళ్ల తర్వాత, మగవాళ్లతో సమానంగా చదివితే ఆడవాళ్ల గర్భాశయానికి హాని జరుగుతుందని వాదించాడు. ఆ వాదనను దేశమంతా గంభీరంగా చర్చించారు. అమెరికాలో స్త్రీలకు దేశవ్యాప్తంగా ఓటు హక్కు రాజ్యాంగంలోకి వచ్చింది 1920లో. అప్పటికి థీటాకు యాభై ఏళ్లు నిండాయి.

బెట్టీ లాక్ ఎవరు? కేకు బుట్ట కథ ఏమిటి?

ఆస్బరీలో చేరిన తొలి అమ్మాయిల్లో బెట్టీ లాక్ ఒకరు. తండ్రి జాన్ లాక్ అదే కాలేజీలో గణితం బోధించేవారు. చదువు ఇంట్లోనే ఉంది, ధైర్యం కూడా ఉంది. మగపిల్లల సంఘాలు ఎలా నడుస్తాయో ఆమె చూస్తూ పెరిగింది.

ఫై గామా డెల్టా అనే మగపిల్లల సంఘంలో ఉన్న ఒక స్నేహితుడు, తమ పిన్ను పెట్టుకోమని ఆమెను అడిగాడట. అలా పెట్టుకున్న అమ్మాయి ఆ సంఘానికి ఒక అలంకారంలా ఉంటుంది తప్ప సమావేశాల్లో చోటుండదు, రహస్యాలు తెలియవు, ఓటుండదు. బెట్టీ ఒప్పుకోలేదు. పూర్తి సభ్యురాలిగా ప్రమాణం చేయించి చేర్చుకుంటే పెట్టుకుంటానంది. వాళ్లు సంఘంలో చర్చించి, అది కుదరదని తేల్చి, దానికి బదులు ఒక వెండి కేకు బుట్ట బహుమతిగా ఇచ్చారు. బుట్ట మీద తమ సంఘం అక్షరాలు చెక్కించారు.

థీటాలు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. నాకు ఇందులో నచ్చేది బుట్ట కాదు, ఆమె పెట్టిన షరతు. ఆమె గౌరవాన్ని అడగలేదు, హక్కును అడిగింది. వాళ్లు గౌరవం ఇచ్చి సరిపెట్టబోయారు. అప్పుడు ఆమె తన సంఘం తనే పెట్టుకుంది.

1870 జనవరి 27న అసలు ఏం జరిగింది?

అంతకు ముందే చాలా పని జరిగింది. బెట్టీ లాక్, ఆమె స్నేహితురాలు ఆలిస్ ఆలెన్ కలిసి సంఘ నియమావళి రాశారు. దాని కోసం గ్రీకు, సభా నియమాలు, చిహ్నాల శాస్త్రం చదివారు. ఎవరినైనా చేర్చుకునేటప్పుడు చదవాల్సిన ప్రమాణం కూడా బెట్టీయే రాసింది.

అయితే ఒక చిక్కు ఉంది. మిగతావాళ్ల చేత ప్రమాణం చేయించాలంటే, చేయించే మనిషి ముందే సభ్యురాలై ఉండాలి. ఆమె చేత ఎవరు చేయించాలి? బెట్టీ అద్దం ముందు నిలబడి తన ప్రమాణం తనే చదువుకుంది. ఆ తర్వాత ఆలిస్ ఆలెన్, బెట్టీ టిప్టన్, హానా ఫిచ్ అనే ముగ్గురి చేత చేయించింది. ఈ నలుగురే స్థాపకులు.

కొన్ని వారాలకు పిన్నులు తయారై వచ్చాయి. మార్చి 14న ఉదయం ప్రార్థనకు వాటిని పెట్టుకుని అందరి ముందుకూ వెళ్లారు. అప్పటిదాకా గుట్టుగా ఉన్న విషయం కాలేజీ అంతటికీ తెలిసింది ఆ రోజే.

అమ్మాయిల సంఘాన్ని 'ఫ్రెటర్నిటీ' అంటారేం? 'సోరోరిటీ' అనాలి కదా?

ఫ్రెటర్నిటీ అంటే అన్నదమ్ముల సంఘం, సోరోరిటీ అంటే అక్కచెల్లెళ్ల సంఘం. 1870లో సోరోరిటీ అనే మాట వాడుకలో లేదు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పే ఫ్రాంక్ స్మాలీ 1882లో గామా ఫై బీటా అనే సంఘం కోసం దాన్ని సూచించారు. అంతకు ముందు పుట్టిన సంఘాల్లో చాలావరకు చట్టపరమైన పేరులో ఫ్రెటర్నిటీ అనే ఉంచుకున్నాయి. మాటల్లో థీటాలు కూడా సోరోరిటీ అంటారు, అందులో తప్పేమీ లేదు.

అమెరికాలో అమ్మాయిల సంఘాల్లో ఇదే మొదటిదా?

మొదటిది అనడానికి ఏ కొలత పెట్టుకుంటారో దాన్నిబట్టి ఉంటుంది. జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో, ఆడపిల్లలకు మాత్రమే ఉన్న వెస్లియన్ కాలేజీలో 1851లో అడెల్ఫియన్, 1852లో ఫిలొమేథియన్ అనే సంఘాలు మొదలయ్యాయి. అవే తర్వాత ఆల్ఫా డెల్టా పై, ఫై మ్యూగా మారాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని మన్మత్ కాలేజీలో 1867 ఏప్రిల్ 28న పన్నెండుమంది అమ్మాయిలు ఐ.సి. సొరోసిస్ పెట్టారు. అదే నేటి పై బీటా ఫై. గ్రీకు పేరు మాత్రం 1888లో తీసుకుంది.

గ్రీకు అక్షరాల పేరుతోనే పుట్టి, మగపిల్లల సంఘాల పద్ధతిలోనే నియమావళి, ప్రమాణం, పిన్నులతో మొదలైన అమ్మాయిల సంఘాల్లో మొదటిది తమదేనని థీటాలు చెప్తారు. అదే 1870లో మన్మత్‌లో కప్పా కప్పా గామా కూడా పుట్టింది. ఒకరికొకరు తెలియని ఊళ్లలో కొద్ది నెలల తేడాతో ఇలా సంఘాలు లేచాయంటే, ఆ అవసరం అప్పటికి ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది. ఎవరు ముందన్న వాదన కన్నా ఈ సంగతి నాకు ముఖ్యం అనిపిస్తుంది.

ఒక చిన్న ఊళ్లో పుట్టింది దేశమంతా ఎలా వ్యాపించింది?

అప్పట్లో కొత్తగా అమ్మాయిలను చేర్చుకుంటున్న కాలేజీల వెంట. పుట్టిన నాలుగు నెలలకే, 1870 మేలో, బ్లూమింగ్టన్‌లోని ఇండియానా విశ్వవిద్యాలయంలో రెండో చాప్టర్ ఏర్పడింది. 1879లో మిషిగన్, 1881లో కార్నెల్, కాన్సస్. 1887లో టొరాంటో విశ్వవిద్యాలయంలో చాప్టర్ పెట్టి కెనడాలోకి వెళ్లింది. అక్కడ అమ్మాయిల సంఘాల్లో అదే మొదటిది.

1885లో కాన్సస్ చాప్టర్ ఒక పత్రిక మొదలుపెట్టింది. ఫోన్ లేని రోజుల్లో వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్న అమ్మాయిలను కలిపి ఉంచింది అదే. ఎక్కడ ఎవరు పట్టా పుచ్చుకున్నారు, ఎవరికి ఏ ఉద్యోగం వచ్చింది, ఎవరి పెళ్లయింది అన్నీ అందులో వచ్చేవి. తన కాలేజీలో ఒంటరిగా ఉన్న అమ్మాయికి, వందల మైళ్ల అవతల తనలాంటివాళ్లు ఇంకొందరున్నారని తెలియడమే పెద్ద బలం.

ఇళ్లెందుకు కట్టారు?

కాలేజీలు అమ్మాయిలకు సీట్లిచ్చాయి గానీ చాలాచోట్ల ఉండడానికి చోటివ్వలేదు. ఊళ్లో ఎవరింట్లోనో అద్దె గదిలో ఉండాల్సి వచ్చేది. సిరక్యూస్‌లో 1872లో పుట్టిన ఆల్ఫా ఫై 1886లో సొంతంగా ఇల్లు కట్టుకుంది. అమ్మాయిల సంఘం తనకోసం కట్టించుకున్న తొలి ఇల్లుగా దాన్ని చెప్తారు. తర్వాత థీటా సహా మిగతావాళ్లు అదే దారి పట్టారు. స్థలం కొనడం, అప్పు తేవడం, పద్దులు రాయడం, మరమ్మతులు చేయించడం అన్నీ సభ్యురాళ్లే చూసుకున్నారు. పెళ్లయిన స్త్రీ ఆస్తి విషయంలో చట్టాలు ఇంకా సర్దుకుంటున్న కాలంలో ఇరవై ఏళ్ల అమ్మాయిలు ఇల్లు నడపడం నేర్చుకున్నారు. పాత విద్యార్థినులు ఈ ఇళ్లకు డబ్బిచ్చి, సలహాలిచ్చి నిలబెట్టారు. నేటికీ ఎక్కువ చాప్టర్ల ఇళ్లు పాత విద్యార్థినుల సంస్థల చేతుల్లోనే ఉంటాయి.

ఇన్ని సంఘాలున్నాయి కదా, పోటీ రాలేదా?

బాగా వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి రైలు దిగకముందే ఆమెను తమవైపు లాక్కునేదాకా వెళ్లింది. చేరుతానని ఒకరికి మాటిచ్చి ఇంకొకరి పిన్ను పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దీన్ని సర్దడానికి 1902 మే 24న షికాగోలో ఏడు సంఘాల ప్రతినిధులు కూర్చున్నారు. అందులో థీటా ఒకటి. అదే నేటి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌కు మొదలు. కాలక్రమంలో అందులో సంఘాలు 26కు పెరిగాయి. కొత్త సభ్యుల ఎంపికకు నిర్ణీత రోజులు, అందరికీ ఒకే నియమాలు ఉండడం అక్కడి నుంచి వచ్చిందే.

అందరు అమ్మాయిలనూ చేర్చుకున్నారా?

లేదు. ఈ పేజీలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఈ జవాబే.

మగపిల్లల సంఘాలు తమను రానివ్వలేదని సొంత సంఘాలు పెట్టుకున్న ఈ అమ్మాయిలు దాదాపు అందరూ తెల్లజాతి ప్రొటెస్టెంటు కుటుంబాల పిల్లలు. ఇరవయ్యో శతాబ్దంలో సంఘాలు పెరిగి, పరువు పెరిగాక, ఎవరిని చేర్చుకోకూడదన్నది వాటి రివాజులో భాగమైపోయింది. కొన్ని సంఘాలు నియమాల్లోనే రాసుకున్నాయి. మరికొన్ని రాయకుండానే పాటించాయి. యూదు అమ్మాయిలకు, నల్లజాతి అమ్మాయిలకు తలుపులు మూసుకున్నాయి.

అప్పుడు వాళ్లు చేసింది కూడా బెట్టీ లాక్ చేసినదే. యూదు విద్యార్థినులు 1909లో న్యూయార్క్‌లోని బార్నర్డ్ కాలేజీలో ఆల్ఫా ఎప్సిలాన్ ఫై, 1917లో కార్నెల్‌లో సిగ్మా డెల్టా టౌ పెట్టారు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు 1908 జనవరి 15న ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించారు. అదే చోట 1913 జనవరి 13న 22 మంది అమ్మాయిలు డెల్టా సిగ్మా థీటా ప్రారంభించారు. పేరు దగ్గరగా ఉన్నా అది వేరే సంఘం. పుట్టిన ఏడు వారాలకే, మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో జరిగిన స్త్రీల ఓటు హక్కు ఊరేగింపులో వాళ్లు నడిచారు. నల్లజాతి స్త్రీలను వెనక వరుసలో నడవమన్న ఊరేగింపు అది. 1922లో ఇండియానాపొలిస్‌లో ఏడుగురు నల్లజాతి ఉపాధ్యాయినులు సిగ్మా గామా రో పెట్టారు. థీటా పుట్టిన రాష్ట్రంలోనే, గ్రీన్‌కాజిల్‌కు కొద్ది దూరంలోనే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విశ్వవిద్యాలయాలు ఒత్తిడి పెంచాయి. అంతకు ముందే 1944లో స్టాన్‌ఫర్డ్ తన క్యాంపస్‌లో సోరోరిటీలన్నిటినీ మూసేసింది. మళ్లీ 1970లలో గానీ అనుమతించలేదు. 1956లో కార్నెల్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల్లోని సిగ్మా కప్పా చాప్టర్లు నల్లజాతి అమ్మాయిలకు ఆహ్వానం ఇచ్చినందుకు ఆ సంఘం జాతీయ నాయకత్వం ఆ చాప్టర్లనే పక్కనపెట్టింది. చదువుకుంటున్న పిల్లలు తలుపు తీస్తే పెద్దవాళ్లు మూశారు. ఇలా చాలాచోట్ల జరిగింది. 1960ల్లో పౌరహక్కుల చట్టాల తర్వాత రాసిన నియమాలు పోయాయి గానీ అలవాటు అంత త్వరగా పోలేదు. 2013లో అలబామా విశ్వవిద్యాలయం విద్యార్థి పత్రిక, అర్హత ఉన్న నల్లజాతి అమ్మాయిలను పాత విద్యార్థినులు అడ్డుకున్నారని బయటపెట్టింది. దేశమంతా గొడవై, విశ్వవిద్యాలయం కలగజేసుకున్నాక గానీ అక్కడ తలుపులు తెరుచుకోలేదు.

ఇదంతా పాత సంగతి కదా అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. నేను ఒప్పుకోను. కేకు బుట్ట కథ గర్వంగా చెప్పుకునేవాళ్లు ఈ కథ కూడా అంత స్పష్టంగా చెప్పాలి.

ఆడ, మగ తేడా చూపకూడదని అమెరికాలో చట్టం ఉంది కదా? అమ్మాయిలకు మాత్రమే సంఘం ఎలా కుదురుతుంది?

విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 'టైటిల్ నైన్' చట్టం 1972లో వచ్చింది. దాన్ని సెనేట్‌లో నడిపించిన బర్చ్ బై ఇండియానాకు చెందినవారే. మరి ఫ్రెటర్నిటీలు, సోరోరిటీలు ఏం కావాలి అన్న ప్రశ్న వెంటనే వచ్చింది. 1974లో చేసిన సవరణ కాలేజీ సామాజిక సంఘాలకు సభ్యత్వం విషయంలో మినహాయింపు ఇచ్చింది. అమ్మాయిల సంఘాలు ఇప్పటికీ చట్టబద్ధంగా నడిచేది దాని మీదే.

హార్వర్డ్‌తో కేసు ఏమిటి?

హార్వర్డ్‌లో 'ఫైనల్ క్లబ్'లనే మగపిల్లల క్లబ్బులున్నాయి. వాటిని కట్టడి చేయాలని 2016లో హార్వర్డ్ ఒక విధానం ప్రకటించింది. ఒకే లింగం వాళ్లుండే గుర్తింపు లేని సంఘాల్లో చేరిన విద్యార్థులకు క్యాంపస్ క్లబ్బుల్లో నాయకత్వం, క్రీడా జట్ల కెప్టెన్సీ, రోడ్స్ లాంటి స్కాలర్‌షిప్పులకు కాలేజీ సిఫారసు ఉండవన్నది దాని సారాంశం. దెబ్బ ఎక్కువగా తగిలింది అమ్మాయిల సంఘాలకే.

2018 డిసెంబరులో కప్పా ఆల్ఫా థీటా, కప్పా కప్పా గామా, రెండు మగపిల్లల సంఘాలు, కొందరు విద్యార్థులు కలిసి బోస్టన్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ఒక అమ్మాయి ఎవరితో కలిసిందన్నదాన్ని బట్టి శిక్షించడం కూడా లింగ వివక్షేనని వాదించారు. 2020 జూన్‌లో ఉద్యోగాల్లో లింగ వివక్ష మీద సుప్రీంకోర్టు ఇచ్చిన బోస్టాక్ తీర్పు తర్వాత, తమ విధానం నిలబడదని హార్వర్డ్ దాన్ని ఉపసంహరించుకుంది. అమ్మాయిలకు సొంతంగా ఒక చోటు అవసరమా అన్న 1870 నాటి ప్రశ్నే మళ్లీ కోర్టు గదిలో లేచినట్టయింది. చోటు ఉండాలనే నేను నమ్ముతాను. అది ఎవరికి తెరిచి ఉందన్న ప్రశ్న కూడా దానితోపాటే అడగాలి.

పేరు తెచ్చుకున్న థీటాలు ఎవరున్నారు?

చాలామందే. నేను ముందుగా చెప్పేది జూలియా మోర్గన్ గురించి. బర్క్‌లీలో 1894లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, పారిస్‌లోని పేరున్న కళాశాలలో భవన నిర్మాణ విభాగంలో చేరిన మొదటి స్త్రీ అయింది. 1904లో కాలిఫోర్నియాలో ఆర్కిటెక్టుగా లైసెన్సు పొందిన తొలి స్త్రీ. శాన్ సిమియన్ కొండ మీదున్న హర్స్ట్ కాసిల్ అనే భవనం ఆమె రూపొందించిందే. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ బంగారు పతకం ఆమెకు 2014లో, చనిపోయిన చాలా ఏళ్లకు ఇచ్చారు. ఆ పతకం ఒక స్త్రీకి దక్కడం అదే మొదటిసారి.

మేరీ బియర్డ్ డిపాలోనే చదివి, థీటా తొలి చాప్టర్‌లోనే చేరింది. ఓటు హక్కు ఉద్యమంలో పనిచేసి, చరిత్రలో స్త్రీల పాత్రను చరిత్రకారులు రాయకుండా వదిలేశారని జీవితమంతా వాదించింది. కాన్సస్ నుంచి 1978లో సెనేట్‌కు ఎన్నికైన నాన్సీ కాసిబామ్, టెక్సస్‌లో చదివిన లారా బుష్, డ్యూక్‌లో కంప్యూటర్ సైన్స్ చదివిన మెలిండా ఫ్రెంచ్ గేట్స్ కూడా థీటాలే.

సేవా కార్యక్రమాలు చేస్తారా?

1989 నుంచి థీటా, 'కాసా' అనే కార్యక్రమానికి నిధులు, వలంటీర్లను సమకూరుస్తోంది. హింసకో నిర్లక్ష్యానికో గురై కోర్టు సంరక్షణలోకి వచ్చిన పిల్లల తరఫున మాట్లాడడానికి శిక్షణ పొందిన వలంటీర్లను నియమించడం దాని పని. డేవిడ్ సూకప్ అనే న్యాయమూర్తి 1977లో సియాటిల్‌లో మొదలుపెట్టారు. కాగితాలు మాత్రమే చూసి ఒక పసివాడి జీవితం మీద నిర్ణయం తీసుకోవాల్సి రావడం ఆయన్ను బాధపెట్టిందట. ఇది ఫొటోల కోసం చేసే సేవ కాదు.

మన అమ్మాయిలు ఇలాంటి సంఘాల్లో ఉన్నారా?

ఉన్నారు. ఇప్పుడు పాత సంఘాల్లో కూడా భారతీయ మూలాలున్న అమ్మాయిలు చేరుతున్నారు. హోవర్డ్‌లో చదివిన కమలా హారిస్ ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యురాలు. ఆమె తల్లి శ్యామల మద్రాసు నుంచి వెళ్లిన శాస్త్రవేత్త.

దక్షిణాసియా అమ్మాయిల కోసమే పుట్టిన సంఘాలు వేరే ఉన్నాయి. 1998లోనే మూడు మొదలయ్యాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కప్పా ఫై గామా, హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో సిగ్మా సిగ్మా రో. టెక్సస్‌లో తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి అక్కడి ఇళ్లలో ఈ పేర్లు వినిపిస్తుంటాయి. ఇంట్లో ఒక భాష, కాలేజీలో ఒక భాషగా పెరిగిన పిల్లలకు రెండూ తెలిసిన స్నేహితులు దొరకడం ఎంత ఊరటో ఆ పిల్లల్ని అడిగితే తెలుస్తుంది.

ప్రమాణాలు, రహస్యాలు అంటే భయపడాలా?

రహస్యంగా ఉంచేది సాధారణంగా చేర్చుకునే తంతు, అందులో చదివే మాటలు, గుర్తుల అర్థాలు. మగపిల్లల సంఘాల నుంచి తీసుకున్న పద్ధతి ఇది. వాటితో హాని లేదు.

భయపడాల్సింది హేజింగ్‌కు. మన దగ్గర ర్యాగింగ్ అంటామే, అదే. నిద్ర లేకుండా చేయడం, అవమానించడం, బలవంతంగా తాగించడం లాంటివి ఎక్కువ రాష్ట్రాల్లో చట్టరీత్యా నేరాలు. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలు హేజింగ్ ఘటనల వివరాలు బయటపెట్టాలి. సంఘాల నియమాలు కూడా నిషేధిస్తాయి. అయినా అన్నిచోట్లా ఆగిపోయిందని చెప్పడం అబద్ధమవుతుంది.

ఎలా చేరతారు? ఖర్చు ఎంత?

పాన్‌హెలెనిక్ సంఘాల్లో చేరాలంటే కాలేజీ ప్రకటించిన ఎంపిక వారంలో పేరు నమోదు చేసుకోవాలి. దీన్నే పాత మాటలో రష్ అంటారు. అమ్మాయి ఒక్కో ఇంటికీ వెళ్లి మాట్లాడుతుంది. రోజులు గడిచేకొద్దీ రెండువైపులా జాబితా తగ్గుతుంది. చివరిరోజు వచ్చే ఆహ్వానమే బిడ్. మార్కులకు కనీస పరిమితి ఉంటుంది. అమ్మ సభ్యురాలైతే కూతురికి ప్రాధాన్యం ఇచ్చే పద్ధతి ఒకప్పుడు బలంగా ఉండేది. 2020 తర్వాత చాలా సంఘాలు దాన్ని తీసేశాయి. మన పిల్లల్లాంటి కొత్త తరాలకు ఇది మేలే చేసింది.

ఖర్చు కాలేజీని బట్టి, ఇంట్లో ఉంటారా లేదా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. మొదటి ఏడాది చేరిక రుసుము, పిన్ను ఖర్చు అదనం. సెమిస్టర్ రుసుము ఎంత, ఇంటి అద్దె, భోజనం అందులో కలిశాయా, సమావేశానికి రాకపోతే జరిమానా ఉందా, మధ్యలో మానేస్తే ఏమవుతుంది? ఇవన్నీ బిడ్ ఒప్పుకోకముందే రాతపూర్వకంగా అడగాలి. అడిగితే చెప్పాల్సిన బాధ్యత వాళ్లకుంది.

బిడ్ రాకపోతే?

మొదటిసారి ఇల్లు వదిలి వెళ్లిన పిల్లకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. 'పోనీలే, చదువుకో' అని కొట్టిపారేయకండి. కొన్ని సంఘాలు ఏడాదిలో మిగతా రోజుల్లో కూడా సభ్యులను తీసుకుంటాయి. దక్షిణాసియా సంఘాల ఎంపిక సాధారణంగా వేరే తేదీల్లో, వేరే పద్ధతిలో జరుగుతుంది. రెండో ఏడాది మళ్లీ ప్రయత్నించవచ్చు. క్యాంపస్‌లో గ్రీకు సంఘాల వ్యవహారాలు చూసే కార్యాలయం ఉంటుంది, ఏ దారులు తెరిచి ఉన్నాయో వాళ్లు చెప్తారు. హేజింగ్ గురించి ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట తట్టాల్సిన తలుపుల్లో అదీ ఒకటి. ప్రాణాపాయం అనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా 911కు ఫోన్ చేయాలని అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.